ఎదురు కూత

"నా సున్నప్పిడత ఎక్కడ పెట్టావే?"

అచ్చాయమ్మ అడుగుతున్నది కోడల్ని కాదు. నిన్న మధ్యాహ్నం జోరువానలో నెత్తిన మూట, చంకలో చేట పెట్టుకుని, మొగుడి వెనకాలే వచ్చి ఈ ఇంట్లో దిగబడిన నూకాల్ని.

"కింద చెమ్మగా ఉందని ఉట్టి మీద పెట్టానత్తా."

"అత్తా! ఎవరికే నేను అత్తని? నా కోడలు అదుగో, నోట్లో నాలుక లేనట్టు కూర్చుంది. నిన్న వచ్చావు, ఇవాళ నా ఉట్టి మీద చెయ్యేశావు, రేపు నన్నే ఉట్టెక్కిస్తావు కాబోలు!"

"తీసిస్తానుండండి."

"నీ చేత్తో ఇచ్చే సున్నం నాకక్కర్లేదు. ముట్టుకోకు!"

ముసలమ్మకి పంతం వచ్చిందంటే అంతే. రెండాకులూ ఓ వక్కముక్కా ఉత్తినే నోట్లో వేసుకుని కసాబిసా నమిలింది. నమిలి నమిలి గుమ్మం అవతలకి ఉమ్మింది.

"థూ! గడ్డి నమిలినట్టుంది. సున్నం లేంది ఎర్రబడి చస్తుందా? నా ఇంట్లో నా నోరు పండే యోగం కూడా లేకపోయింది నాకు!"

ఇల్లంతా పొగ. మొన్నటిదాకా ఒకటే పొయ్యి. నూకాలు మూడు రాళ్ళు తెచ్చుకుని ఆ మూల ఇంకోటి పెట్టుకుంది. రెండు పొయ్యిల మధ్య పీటేసుకుని వీరమ్మ కొర్రమీను తోముతోంది. తోమిందే తోముతోంది.

"ఏమే వీరమ్మా, ఆ చేపకి తోలుంచుతావా?"

"ఉంచుతానత్తా."

"ఏం ఉంచుతావో! అన్నీ ఇచ్చేసి పోవడమేగా మన బతుకు. ఇల్లిచ్చెయ్యి, నావ ఇచ్చెయ్యి, సున్నప్పిడతా ఇచ్చెయ్యి. ఎవడో ఎవడితోనో ఆడిన ఆటకి నా పొయ్యి ఎందుకు చీలాలో ఆ రాజుగార్నే అడుగుతాను."

అడగదు. రాజుగారు ఎదురుపడితే ఇదే అచ్చాయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని "ఆయ్, చిత్తం" అంటుంది. ఆ సంగతి వీరమ్మకీ తెలుసు, అచ్చాయమ్మకీ తెలుసు. అందుకే ఆ కోపమంతా పిడత మీదకి తిరిగింది.

అసలు చెడుగుడు అనేది వెన్నెల ఉన్నన్నాళ్ళూ, చేలు ఎండి ఉన్నన్నాళ్ళూ మగాళ్ళ ఆట. గీత గీసి, కూత పట్టి, అవతలి జట్టులోకి దూకి, ఊపిరి తెగకుండా తిరిగొచ్చినవాడు మొనగాడు. ఏరువాక వాన పడి చేలు తడిశాయా, అది కామందుల ఆటైపోతుంది. వాళ్ళు అరుగు మీద కూర్చునే ఆడతారు. కూతా అక్కర్లేదు, ఊపిరీ అక్కర్లేదు. నీ దగ్గరున్నవాణ్ణి నాకియ్యి, నా దగ్గరున్నవాణ్ణి పట్టుకుపో. అంతే ఆట.

ఈ ఏడు మరీ చిత్రం. మండపేట కామందు తన జట్టులో చేతులు పొడుగున్న పట్టుమనిషిని వదిలేసి అన్నదమ్ములిద్దర్ని తెచ్చుకున్నాడు. రామచంద్రపురం సంతలో గేదెల బేరం పక్కనపెట్టి అందరూ ఈ మాటలే. ఇక ఈ ఊరి కామందు పల్లంరాజుగారు చేసిన పనికి సంతంతా నోరు వెళ్ళబెట్టింది. ఇన్నేళ్ళూ నెత్తిన పెట్టుకున్న అచ్చాయమ్మ కొడుకు బుల్లియ్యని, ఈ చుట్టుపక్కల అంత కూత లేదనిపించుకున్నవాణ్ణి, పిఠాపురం పక్క కామందుకి ఇచ్చేసి, వాళ్ళ లోవరాజుని తీసుకున్నారు.

ఎందుకంటే మొన్న వేసంగి ఆఖరాటలో బుల్లియ్యని గీత దగ్గర పడేసింది ఆ లోవరాజే. పడేసి, రొమ్ము మీద మోకాలేసి, కూత చచ్చేదాకా లేవలేదు. నా వాణ్ణి పడగొట్టినవాడే నాకు కావాలన్నారు రాజుగారు. కావాలంటే వచ్చేస్తాడు. రాజుగారికేం?

కాలువ గట్టు మీది ఈ తాటాకిల్లు ఆయనదే. రేవులో నావ ఆయనదే. లాకు దిగువన వలేసుకునే చోటూ ఆయనదే. జట్టులో చోటుతో వచ్చిన సిరి జట్టులో చోటుతోనే పోతుంది. లోవరాజు పెళ్ళాం నూకాల్ని తీసుకుని ఇక్కడ దిగాడు. బుల్లియ్య తల్లినీ పెళ్ళాన్నీ తీసుకుని, పిఠాపురం అవతల లోవరాజు ఖాళీ చేసొచ్చిన కొంపలోకి పోవాలి. వెళ్తారా అని ఇటువాళ్ళనీ అడగలేదు, వస్తారా అని అటువాళ్ళనీ అడగలేదు.

ఇక మిగిలింది ఇవాళ మధ్యాహ్నం ఎదురు కూత. అవతలి కామందు మనిషి బుజ్జిబాబుగారు పడవ మీద వస్తున్నారు. మారే ఇద్దరూ రొమ్ముల్లోతు నీళ్ళలో ఎదురెదురుగా నిలబడి, చేతులు పట్టుకుని ఒక్కసారే కూత ఎత్తుకోవాలి. గట్టు మీద ఎన్ని వేషాలైనా వెయ్యొచ్చు గానీ, నీళ్ళు రొమ్ముని నొక్కుతుంటే లోపలున్నదంతా బయటికొస్తుంది. ఒకడి కూత బాగా ముందే చచ్చిందా, మార్పు చెల్లదు. ఇద్దరూ సరితూగారా, తాంబూలం. తాంబూలం అందుకున్నవాడు మళ్ళీ వేసంగి దాకా ఆ కామందు మనిషి.

వీరమ్మ ఆ చేపని తోమీ తోమీ పాడుచేస్తున్నది అందుకే. ఆ మోకాలు పడ్డ రాత్రి నుంచీ బుల్లియ్య దగ్గితే నెత్తురు పడుతోంది.

ఊరికి తెలీదు. కన్నతల్లికి తెలీదు. వీరమ్మకొక్కదానికే తెలుసు, అదీ వల ఉతుకుతుంటే కంటబడి. గంగమ్మతల్లి మీద ఒట్టేయించుకున్నాడు. చెబితే ఇల్లు పోతుంది, నావ పోతుంది, ఎవరూ చేరనివ్వరు. నెత్తురు కక్కేవాణ్ణి ఏ కామందు పెట్టుకుంటాడు? చెప్పకపోతే, ఇంకో మోకాలు అదే చోట పడితే, మొగుడే పోతాడు.

పాపం ఆమె నమ్ముకున్నదల్లా వానల్ని. ఆట కట్టింది కదా, మళ్ళీ చేలు ఎండేదాకా కూత లేదు కదా, ఈలోగా విరిగిన పక్కటెముక అతుక్కుంటుంది కదా అని.

*

గిన్నెలు తీసుకుని రేవుకి దిగితే వెనకే నూకాలూ దిగింది. వాన కాస్త తెరిపిచ్చింది. కాలువ ఎర్రనీళ్ళతో గట్టుని ఒరుసుకుని పోతోంది.

"ఆ పెద్దావిడ మాటలేం పట్టించుకోకు," అంది వీరమ్మ.

"నేనైతే చీపురు తిరగేసేదాన్నక్కా. ఆవిడ నయం." నూకాలు ఓ గిన్నె తోమి బోర్లించింది. "నాకిక్కడ ఉండాలని ఉందనుకుంటున్నావా? మా అమ్మ అక్కడే, నేను పెట్టుకున్న గుమ్మడిపాదు అక్కడే. పిందెలేసింది. ఇప్పుడా కాయలు మీరు తింటారు."

"నీ కాయలు నాకెందుకే తల్లీ!"

"కోపంతో అనడం లేదు. తినండి. ఎవరో ఒకరు తినాలి కదా."

బూడిద చేతుల్లోంచి నీళ్ళలోకి జారిపోయింది.

"అక్కా, మా ఆయనకి నిద్ర లేదు," అంది నూకాలు ఉన్నట్టుండి. "ఆ రాత్రి నుంచీ లేదు. మోకాలి కింద చిటుక్కుమందట. తనకి తెలిసిందట. అయినా లేవలేదట. లేస్తే మా కామందు ఊరుకోడని."

వీరమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది.

"ఎవరికైనా చెప్పాడా?"

"నాకే చెప్పాడు. నిన్న మీ ఇంట్లో అడుగుపెట్టాక మీ ఆయన దగ్గు విని ఇంకా కుమిలిపోతున్నాడు. ఇవాళ నీళ్ళలో నిలబడితే మీ ఆయన కూత నిలవదంటున్నాడు. నిజమేనా?"

అబద్ధం చెప్పడానికి వీరమ్మకి నోరు రాలేదు. గట్టు మీద ఎవరైనా ఉన్నారేమోనని చూసి, తడి చేతులతోనే నూకాలు చెయ్యి పట్టుకుంది.

"నీ కాళ్ళు పట్టుకుంటాను. నోరు జారకండి. మీ ఆయన్ని కూడా కాస్త... కాస్త ముందే ఆపెయ్యమను. ఇద్దరూ సరిపోయారనిపిస్తే చాలు."

"సరిపోతే మీరు వెళ్ళిపోవాలి. నేనిక్కడ ఉండిపోవాలి. మార్పు చెడితే నేను మా అమ్మ దగ్గరికి పోతాను. తెలిసే అడుగుతున్నావా నన్ను?"

"తెలిసే అడుగుతున్నాను."

నూకాలు చెయ్యి విడిపించుకుంది. గిన్నెలన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టింది. ఏడుపు వస్తోందని తెలుస్తూనే ఉంది.

"చెప్తాను," అంది చివరికి. "నువ్వడిగావని కాదు. ఆయన నిద్రపోవాలి కదా."

నాలుగు మెట్లెక్కి ఆగి వెనక్కి తిరిగింది.

"అయినా మావాళ్ళ సంగతి తెలిసే వెళ్తున్నారు కదూ? మీకైతే చేలు తడిస్తే ఆట కట్టు. మాది ఇసుక నేలక్కా. వాన వెలిస్తే చాలు, సముద్రం ఒడ్డున గీత గీయించేస్తాడు మా కామందు. ఏడాది పొడుగునా ఆటే. కొత్త మనిషొస్తే ఆ వారంలోనే దింపుతాడు, సరుకెలా ఉందో చూడాలిగా."

వానల్ని నమ్ముకుంది వీరమ్మ. అక్కడ వానలకి ఆట కట్టదట.

*

బుల్లియ్య రేవుకి ఎగువన, ఇంటి వెనక కట్టిన నావలో కూర్చుని వల చిక్కులు తీస్తున్నాడు. రేపు ఆ వల లోవరాజుది. అయినా తీస్తున్నాడు.

"మావా, వెళ్ళద్దు," అంది వీరమ్మ, నావ అంచు పట్టుకుని.

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా. అక్కడ ఇసుకలో ఆడిస్తారట. ఈ వారంలోనే దింపుతారట."

"తెలుసు."

"తెలుసా!"

"గీతకి అవతల నిలబడి వాళ్ళతో ఇన్నేళ్ళు ఆడినవాణ్ణి, ఆ మాత్రం తెలీదా?"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "మరి నాతో ఏమన్నావు? వానల్లో ఎముక అతుక్కుంటుంది, నువ్వు నోరు మూసుకో అన్నావు. నేను మూసుకున్నాను. నీ కన్నతల్లి పక్కన కూర్చుని ఆవిడ మొహం చూడలేక చస్తున్నాను. నువ్వేమో అన్నీ తెలిసి..."

"అరవకే. అమ్మ వింటుంది."

"విననీ! రాజుగారి దగ్గరికెళ్ళి చెప్పేద్దాం. ఇన్నాళ్ళు ఆయన పేరు నిలబెట్టావు, ఓ మూల ఉండనివ్వమందాం."

బుల్లియ్య నవ్వాడు. ఆ నవ్వు దగ్గైపోయింది. మోకాళ్ళ మీదకి వంగిపోయి, కండువా నోటికి అదిమిపెట్టుకుని, నావంతా ఊగిపోయేలా దగ్గాడు. కండువా మడిచి నడుముకి చుట్టుకున్నాడు. ఆ మడతలో ఏముందో ఇద్దరూ చూసుకోలేదు.

"ముసలి వీరాస్వామి గుర్తున్నాడా?" అన్నాడు ఊపిరందాక. "నాకు ముందు రాజుగారి జట్టులో ఆయనే కూత. ఈ ఇల్లు ఆయనదే. మోకాలి చిప్ప జారిన వారానికి నేను దిగాను ఇందులో. గుమ్మంలో నిలబడి ఆయన సామాను నేనే అందించాను. ఎటెళ్తున్నావు తాతా అని అడగలేదు కూడా. అప్పుడు నాకు భలే సంతోషంగా ఉంది వీరీ."

బుల్లియ్య చేత్తో నోరు తుడుచుకున్నాడు.

"నాకు వేరే పని రాదు. అందరూ వలేస్తారు, నేనూ వేస్తాను. కూత ఉంది కాబట్టే మనిషినయ్యాను. ఆ కూత పోయిందని నా నోటితో నేను చెప్పను. నువ్వూ చెప్పకూడదు. ఒట్టేశావు."

"నువ్వు చచ్చిపోతే ఆ ఒట్టు నేనేం చేసుకోను మావా?"

అతను మళ్ళీ వల చేతిలోకి తీసుకున్నాడు. కాలువ మీద ఎక్కడో గడ నీళ్ళలో పడ్డ చప్పుడైంది. లాకు వంపు తిరిగి బుజ్జిబాబుగారి పడవ వస్తోంది.

వీరమ్మ గట్టెక్కి పరుగెత్తింది. నూకాలు ఇంటి చూరు కింద నిలబడి ఉంది.

"చెప్పేశావా?"

"చెప్పేశానక్కా. ఒప్పుకున్నాడు."

"వద్దని చెప్పు! ముందే ఆపద్దని చెప్పు. ఎంతసేపు పట్టగలడో అంతసేపూ పట్టమను. మార్పు చెడిపోనియ్యి!"

నూకాలు నోరు తెరుచుకుని చూసింది.

"ఇప్పుడెలా చెప్పేది? మగాళ్ళంతా రేవులో ఉన్నారు. రాజుగారొచ్చేశారు. మా ఆయన నీళ్ళలోకి దిగేశాడు."

*

బుజ్జిబాబుగారంటే ఎవరో చిన్నవాడనుకునేరు. నెరిసిన మీసాలు, బోర్లించిన బానంత బొజ్జ, ఎప్పుడూ పండి ఉండే నోరు. పడవ దిగుతూనే నడుముకున్న సున్నండబ్బీ తడుముకున్నాడు.

"మండపేటవాళ్ళు అన్నదమ్ముల్ని తెచ్చుకున్నారటండీ రాజుగారూ. ఒకడు కూతకెళ్తే రెండోవాడు ఏడుస్తాడటగా!"

"వాళ్ళ సంగతి వచ్చే వేసంగిలో చూద్దాంలెండి," అన్నారు పల్లంరాజుగారు. ఆయనకి గట్టు మీద కుర్చీ వేశారు, మీద గొడుగు పట్టారు. "మన పని కానివ్వండి, మళ్ళీ వాన పట్టేలా ఉంది."

ఆడవాళ్ళు గట్టుకి ఇవతల, పశువుల పాక దగ్గర ఆగిపోవాలి. అంతకు మించి అడుగెయ్యకూడదు. వీరమ్మ అక్కణ్ణించే చూస్తోంది. పక్కన అచ్చాయమ్మ. పొద్దున్నించీ గొణిగిన మనిషి, కొడుకు నీళ్ళలోకి దిగుతుంటే మురిసిపోయి నిటారుగా నిలబడింది.

"నా కొడుకు కూత వినలేదు కదే నువ్వు," అంది నూకాలుతో. "ఇవాళ విను."

ఇద్దరూ రొమ్ముల్లోతుకి వెళ్ళారు. చేతులు పట్టుకున్నారు. బుజ్జిబాబు కండువా ఊపాడు.

"చెడుగుడు గుడుగుడు గుడుగుడు..."

ముందు రెండు కూతలూ విడివిడిగా వినబడ్డాయి. తర్వాత కలిసిపోయాయి. గట్టు మీద ఒక్కడూ కదల్లేదు. బుల్లియ్య మెడ నరాలు తేలాయి. మొహం నల్లబడింది. కూత గరగరలాడుతోంది.

ఆగిపో, అనుకుంది వీరమ్మ. ఆగిపో మావా. ఇప్పుడే ఆగిపో. ఆవల ఉన్నవాడు ఇంకా పట్టగలడు. మార్పు చెడిపోతుంది. ఎవరింటికి వాళ్ళు పోతారు.

లోవరాజు ఎదురుగా ఉన్న మొహాన్నే చూస్తున్నాడు. అతని కూత తేలిగ్గా సాగుతోంది, ఇంకా బోలెడు ఊపిరుంది. ఆ మాట అతనికీ, వీరమ్మకీ, నూకాలుకీ తప్ప ఎవరికీ తెలీదు. బుల్లియ్య కూత తడబడిందో లేదో, లోవరాజు గభాలున తల వెనక్కి విరిచి, నోరు తెరిచి, గాలి పీల్చేశాడు. ఆపైన ఒక్క గుక్క సాగి బుల్లియ్య కూత ఆగింది.

గట్టు గట్టంతా కేక పెట్టింది.

"సరిజోడు!" అన్నాడు బుజ్జిబాబు చేతులు చరుస్తూ. "మావాడికన్నా ఓ గుక్క ఎక్కువే!"

అచ్చాయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నూకాలు తల దించుకుంది. వీరమ్మ రేవులో అడిగింది అడిగినట్టు జరిగింది. ఆమె పాక గుంజ పట్టుకుని నిలబడింది.

తాంబూలాల పళ్ళేలు వచ్చాయి. ముందు లోవరాజు ఒంగి పల్లంరాజుగారి చేతి మీదుగా ఆకులూ వక్కా కొత్త కండువా అందుకున్నాడు. తర్వాత బుజ్జిబాబు చేతి మీదుగా బుల్లియ్య. ఒంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పెదాలు బిగపట్టి ఉన్నాడు. ఒంగుతుంటే భుజాలు ఒక్కసారి అదిరాయి. దగ్గు. లోపలే మింగేశాడు. మళ్ళీ అదిరాయి.

వీరమ్మకి తెలిసిపోయింది. పాత కండువా తడిసి గట్టు మీద పడుంది. కొత్తది తెల్లగా ఉంది.

బుల్లియ్య పళ్ళెంలోని రెండాకులూ వక్కతో సహా ఒక్కసారే నోట్లో కుక్కుకున్నాడు.

అందరూ ఘొల్లున నవ్వారు. కూత పట్టేవాడు ఆకు ముట్టడు, గొంతు మొద్దుబారుతుందని జట్టుల్లో పెద్ద పట్టింపు. బుల్లియ్య పుట్టి బుద్ధెరిగాక నమిలినవాడు కాదు.

"నమలనివ్వండ్రా!" అన్నాడెవడో. "ఆట కట్టిందిగా!"

బుల్లియ్య నమిలాడు. నమిలి, నవ్వబోయాడు. పళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెదవి చివర నుంచి ఎర్రటి చార గడ్డం మీదికి దిగింది. ఆకు నమిలినవాడి నోరు అలాగే ఉంటుంది కదా అనుకున్నాడు కాబోలు, తుడుచుకోలేదు. తుడుచుకోనందుకు వీరమ్మకి కూడా ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది.

"ఆగరా ఆగు, అంత తొందరేంటి!" బుజ్జిబాబు సరదాగా ఇంకాస్త దగ్గరికొచ్చాడు. డబ్బీ మూత తీసి, వేలికి సున్నం రాసుకుని, బుల్లియ్య మొహం ముందు పెట్టాడు. "ఉత్త ఆకు నములుతావేంట్రా, సున్నం..."

ఆయన వేలు అక్కడే ఆగిపోయింది.

"అదేంటి? సున్నం ఇంకా నా వేలికే ఉంది. నీ నోరెలా పండిందిరా?"

నవ్వులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. బుల్లియ్య నోరు మూసుకున్నాడు. గొడుగు మీద చినుకులు పడే చప్పుడు వినిపించింది.

అచ్చాయమ్మ గట్టు దాటింది. దాటకూడదన్న సంగతే గుర్తులేదు ముసలమ్మకి. పొద్దున్న సున్నం లేని ఆకు నమిలి పాలిపోయిన ఉమ్ము ఉమ్మిన మనిషి, ఆవిడకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"బుల్లీ. ఉమ్మరా."

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఉమ్మరా నాయనా. నేను చూడాలి."

బుల్లియ్య మింగాడు. గుటక పడ్డం అందరికీ కనిపించింది. కళ్ళు పాక దగ్గరున్న పెళ్ళాన్ని వెతుక్కున్నాయి. ఒట్టు గుర్తు చేస్తున్నాయి ఆ కళ్ళు.

బుజ్జిబాబు ఆ చూపు వెంటే తిరిగాడు.

"నువ్వా వీడి పెళ్ళానివి? ఇలా రామ్మా. ఏంటిది?"

వీరమ్మ వచ్చింది. బురదలో కాళ్ళు దిగబడుతుంటే లాక్కుంటూ వచ్చింది. మొగుడి గడ్డం మీద చారని తన కొంగుతో తుడిచింది.

"నెత్తురండి," అంది. "ఆఖరాట నుంచీ పడుతోందండి. ఇంకోసారి కూతకి దింపితే మనిషి దక్కడండి."

బుజ్జిబాబు వేలి సున్నం పళ్ళేనికి రాసేశాడు. మొహం గంటు పెట్టుకుని కుర్చీ వైపు తిరిగాడు.

"రాజుగారూ! నెత్తురు కక్కే మనిషిని మాకు అంటగడుతున్నారా?"

పల్లంరాజుగారు నిదానంగా లేచారు. ఆయన మొహంలో ఆశ్చర్యం అన్నది మచ్చుకి కూడా లేదు. వీరమ్మ అది చూసింది. తనకొక్కదానికే తెలుసనుకుంది ఇన్నాళ్ళూ.

"ఎదురు కూత మీరే విన్నారు కదండీ. ఓ గుక్క ఎక్కువే అని మీరే అన్నారు. మీ తాంబూలం పుచ్చుకున్నాడు, నమిలి మింగేశాడు కూడా. ఇంకా నా మనిషెలా అవుతాడు?"

"మా మనిషీ కాదు! ఈ పడవెక్కనివ్వను. మా లోవరాజుని మాకిచ్చెయ్యండి."

"లోవరాజు నా తాంబూలం పుచ్చుకున్నాడు. వాడు నా వాడు."

ఆ తర్వాత మాటామాటా చాలా పెరిగింది. మా కామందు ఊరుకోడని ఆయన, వచ్చి చూసుకోమను అని ఈయన. బుల్లియ్య పేరు మాత్రం మళ్ళీ ఎవరి నోటా రాలేదు. పడవ వెళ్ళిపోయింది. కుర్చీ ఎత్తుకుపోయారు. జనం ఇళ్ళకి పోయారు. లోవరాజు దగ్గరదాకా వచ్చి, తల దించుకుని వెళ్ళిపోయాడు.

రేవులో ముగ్గురే మిగిలారు.

"ఎందుకు చెప్పావే?" అన్నాడు బుల్లియ్య. కోపం కూడా లేదు ఆ గొంతులో.

"నువ్వు బతకాలని."

"ఎక్కడ?"

వాన మళ్ళీ ఎత్తుకుంది. ముసలమ్మ కొడుకు చెయ్యి ఒకటి, కోడలి చెయ్యి ఒకటి పట్టుకుని గట్టెక్కించింది. కాళ్ళు అలవాటు ప్రకారం ఇంటి వైపే నడిచాయి.

ఇంట్లో ఒకటే పొయ్యి వెలుగుతోంది. నూకాలుది. వాకిట్లో తడుస్తూ వచ్చిన ముగ్గుర్నీ చూసి ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చింది. రండి అనాలో, వెళ్ళండి అనాలో తెలీక అక్కడే నిలబడింది. వెనకాల చీకట్లో లోవరాజు గొంతు ఏదో అంది, వినబడలేదు.

అచ్చాయమ్మ చూరు కింద దాకా వచ్చి ఆగిపోయింది. ఇరవై అడుగుల ఇల్లు, రోజూ తనే అలికిన గుమ్మం. కాలు లోపల పెట్టబోయి వెనక్కి తీసుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"లోపలికి రావచ్చా అమ్మా?" అని అడిగింది నూకాల్ని.